అద్దె ఇంటి వంటగది: గోడకు ఎంత, సామానుకు ఎంత

హైదరాబాద్‌లోని లక్డీకాపూల్ కూడలికి ఒకవైపు నాంపల్లి రైల్వే స్టేషను, మరోవైపు సైఫాబాద్ ప్రభుత్వ కార్యాలయాలు, పక్కనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రులు ఉండటం వల్ల, ఆ చుట్టుపక్కల ఉన్న చింతల్‌బస్తీ, ఏసీ గార్డ్స్, బజార్‌ఘాట్ వీధుల్లో అద్దె ఇంటికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో నడవటం మొదలైన తర్వాత, ఇక్కడ కాపురం ఉండి దూరాన ఉద్యోగం చేసుకోవటం కూడా వీలైంది. అయితే ఈ వీధుల్లోని పాత ఇళ్ల వంటగదులు కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్, వాటర్ ఫిల్టరు, ఒవెన్ అన్నీ ఒకేసారి ఉండే సంసారాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. కడప బండ పరిచిన ఒక గట్టు, దాని కింద తలుపులు లేని అరలు, పైన సిమెంటు అటక, ఏదో ఒక మూల ఒకే ఒక్క ప్లగ్గు, కిటికీ పక్కన చిన్న సింకు ఉంటే వంటగది పూర్తయినట్టే భావించిన కాలం నాటి నిర్మాణాలవి.

ఇటువంటి వంటగదిని బాగుచేయవలసి వచ్చినప్పుడు ఎదురయ్యే చిక్కు సొంత ఇంటిలో ఎదురయ్యే చిక్కు కంటే వేరు. బాగుచేసేది ఇంటి యజమాని అయితే, వచ్చే పదేళ్లలో ఎందరు అద్దెదారులు మారినా చెడిపోని గట్టు, కారని పైపు, సులువుగా తుడుచుకోగల గోడ అతనికి కావాలి. బాగుచేసుకునేది అద్దెదారు అయితే, పదకొండు నెలల ఒప్పందం మీద ఉన్న ఇంటిలో తాను పెట్టిన ప్రతి రూపాయి ఖాళీ చేసే రోజున తనతో వస్తుందా, గోడలో మిగిలిపోతుందా అన్నది చూసుకోవాలి. ఈ రెండు లెక్కలను కలిపేసినచోటనే తగాదాలు పుడతాయి. గోడలో, నేలలో కలిసిపోయే పని యజమాని ఖాతాలోకి, లారీ ఎక్కించగలిగిన సామాను అద్దెదారు ఖాతాలోకి వెళ్లాలన్న సూత్రాన్ని మొదటే ఒప్పుకుని గీత గీస్తే, వంటగది నమూనాలో సగం దానంతట అదే తేలుతుంది.

అద్దె ఇళ్లలో ఉండే సామాన్యుల గురించి ఈ నగరం ఆలోచించటం కొత్త విషయం కాదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో ఏర్పాటు చేసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, వాటి స్థానంలో తక్కువ ఆదాయం గలవారికి వరస ఇళ్లు కట్టించి అద్దెకు ఇచ్చింది; మల్లేపల్లిలో సీఐబీ క్వార్టర్స్ అనే పేరు ఇప్పటికీ ఆ బోర్డునే గుర్తు చేస్తుంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ కూడా కార్మికుల కోసం పెద్దఎత్తున అద్దె ఇళ్లు కట్టిస్తూ, వాటి వంటగదిని రూపొందించే పనిని మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు మహిళా ఆర్కిటెక్టుకు అప్పగించింది. 1926లో ఆమె గీసిన ఆ వంటగది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంటే సుమారు ఆరుంబావు అడుగులకు పదకొండు అడుగులు. రైలు భోజనపు పెట్టెల్లోని వంటగదులను ఆదర్శంగా తీసుకుని, వంట చేసే మనిషి వేసే అడుగులను లెక్కించి, ప్రతి వస్తువుకూ ఒక చోటు నిర్ణయించిన ఆ నమూనాను సుమారు పది వేల ఇళ్లలో అమర్చారు. నేడు ప్రకటనల్లో కనిపించే మాడ్యులర్ కిచెన్‌కు మూలపురుషుడు, లేదా మూలస్త్రీ అనటమే న్యాయం, ఆ అద్దె ఇంటి వంటగదే. దానిలో ఒక లోపం కూడా ఉండేది: ఇద్దరు మనుషులు కలిసి వంట చేయటానికి అందులో చోటు చాలదు. అత్తాకోడళ్లో ఆలుమగలో పొద్దున్నే ఒకేసారి గట్టు దగ్గరకు చేరే తెలుగు ఇంటికి ఆ లోపం చిన్నది కాదు.

మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం వంటగది వైశాల్యం 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదు. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్న గది ఈ కొలతకు సరిగ్గా సరిపోతుంది. లక్డీకాపూల్ వంటి చోట ఇంతకంటే పెద్ద వంటగది దొరికితే అదృష్టమే కాబట్టి, ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆరు తొమ్మిదుల గదిని ఉదాహరణగా తీసుకుని చెప్పినవి.

అద్దె ఇంటిలో వంటగది నమూనా తెల్లకాగితం మీద మొదలు కాదు. అప్పటికే మూడు విషయాలు తేలిపోయి ఉంటాయి: మురుగునీరు బయటకు వెళ్లే చోటు, కిటికీ ఉన్న గోడ, గ్యాసు సిలిండరు నిలబెట్టగలిగిన చోటు. వీటిలో మొదటిది అన్నిటికంటే మొండిది. సింకు నుంచి నీరు పైపులో దానంతట అదే జారిపోవాలంటే అడుగు దూరానికి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. సింకును ఉన్నచోటి నుంచి ఆరడుగులు జరిపితే పైపు రెండో కొస ఒకటిన్నర అంగుళాలు కిందికి దిగాలి, దానికోసం నేల తవ్వాలి, తవ్విన చోట నీరు దిగకుండా పూత వేయాలి. అపార్టుమెంటులో ఆ పూత ఏ కొంచెం తప్పినా కింది అంతస్తు వారి పైకప్పు తడుస్తుంది, దాంతో అద్దెదారు, యజమాని, కింది ఇంటివారు, అసోసియేషను అందరూ పంచాయితీకి దిగవలసి వస్తుంది. అందువల్ల అద్దె ఇంటిలో సింకును ఉన్న గోడ మీదనే ఉంచి, కావాలంటే పెద్దది చేయటం వివేకం. వెనుక వాష్ ఏరియా ఉండి గిన్నెలు అక్కడ తోముకునే ఇంటిలో చిన్న సింకు చాలు. అది లేని ఇంటిలో రెండడుగుల వెడల్పు, ఎనిమిది తొమ్మిది అంగుళాల లోతు ఉంటే తప్ప కుక్కరు, ఇడ్లీ పాత్ర అందులో తిరగవు.

నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జలమండలి సరఫరా చేసే మంచినీరు సంపులోకి, అక్కడి నుంచి పైకప్పు మీది ట్యాంకులోకి చేరుతుంది. చాలా భవనాల్లో దానికి తోడు బోరు నీరు వేరే పైపులో వస్తుంది. బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటే కుళాయి మూతి దగ్గర తెల్లటి గారకట్టి, కొన్నాళ్లకు నీటి ధార పక్కకు చిమ్మటం మొదలవుతుంది. సింకు మీద రెండు నీళ్లకూ రెండు కుళాయిలు పెట్టించుకుని, మంచినీటి గొట్టం నుంచే ఫిల్టరుకు దారి తీయిస్తే ఫిల్టరు మేంబ్రేను, అంటే నీటిని వడకట్టే పలుచని పొర, ఎక్కువ కాలం మన్నుతుంది. ఆర్వో ఫిల్టరు శుద్ధి చేయగా మిగిలిన ఉప్పునీటిని బయటకు వదులుతుంది కాబట్టి దాన్ని సింకుకు దూరంగా తగిలించటం అర్థం లేని పని. ఆ నీటిని బకెట్లో పట్టి నేల తుడవటానికి వాడుకోవచ్చు.

గ్యాసు సిలిండరు విషయంలో అలవాటుకూ భద్రతకూ తరచుగా పడదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువైన వాయువు; లీకైతే పైకి పోకుండా నేల మీద పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ పోతుంది. అందుకే గోడ పైభాగంలో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను లీకైన గ్యాసును బయటకు పంపలేదు. పైగా ఆ సమయంలో దాని స్విచ్చి వేస్తే పుట్టే నిప్పురవ్వే ప్రమాదానికి కారణం కావచ్చు. సిలిండరును ఎప్పుడూ నిలువుగా, పొయ్యి కంటే కింది మట్టంలో ఉంచాలి. అందంగా ఉంటుందని గట్టు కింద సిలిండరుకు తలుపులు బిగిస్తే, ఆ తలుపుల అడుగున గాలి ఆడే సందులు లేదా జాలీ తప్పనిసరి. ఇంటివాడకపు 14.2 కిలోల సిలిండరు రెగ్యులేటరుతో కలిపి రెండడుగుల ఎత్తుకు మించుతుంది కాబట్టి, పాత గట్టును కూల్చి కొత్తది కట్టించే యజమాని దాని కింద కనీసం రెండున్నర అడుగుల ఖాళీ వదలాలి. సిలిండరును పొయ్యికి కలిపే ఐఎస్ఐ గుర్తు ఉన్న గొట్టం మీటరున్నరకు మించకూడదు, అయిదేళ్లకు ఒకసారి దాన్ని మార్చాలి. ఈ మీటరున్నర హద్దు వల్ల పొయ్యి చోటు నిర్ణయమైన క్షణానే సిలిండరు చోటు కూడా నిర్ణయమవుతుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. సిలిండరు అవసరం లేని పైపు గ్యాసును నగరంలో భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ ఇస్తోంది; వీధిలోకి ఆ లైను వచ్చి ఉంటే, గోడకు రంధ్రం చేయవలసిన పని కనుక, కనెక్షను గురించి యజమానే ముందుకు రావటం మంచిది.

కిటికీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పొయ్యిని నేరుగా కిటికీ కిందనే పెడితే గాలికి మంట చెదురుతుంది. కిటికీకి ఓ రెండడుగులు పక్కకు పెడితే గాలీ వెలుతురూ అందుతాయి, మంట నిలుస్తుంది. తాలింపు ఘాటును, నూనె ఆవిరిని బయటకు పంపటానికి చిమ్నీ కావాలనుకుంటే, ఆరంగుళాల గొట్టానికి గోడ పగలగొట్టే బదులు కిటికీలో ఒక అద్దం పలక తీసి, దాని చోట రంధ్రం చేసిన అల్యూమినియం రేకు బిగించుకోవచ్చు. వెళ్లేటప్పుడు అద్దాన్ని తిరిగి పెట్టేస్తే సరి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో పనిచేసే చిమ్నీలు వేడినీ తేమనూ గదిలోకే తిప్పి పంపుతాయి. నూనె వంటకాలు రోజూ చేసే ఇంటిలో వాటి కంటే తొమ్మిది అంగుళాల మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానే మెరుగు.

ఈ మూడూ తేలిన తర్వాత మిగిలేది పని సాగే వరస. వంటగది అమరికను గురించిన పుస్తకాల్లో పని త్రిభుజం అనే మాట తరచుగా వస్తుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1940లలో రూపుదిద్దుకున్న ఈ భావన ప్రకారం పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఒక త్రిభుజపు మూడు కొసల్లో ఉండి, మూడు భుజాల మొత్తం 13 అడుగులకు తగ్గకుండా, 26 అడుగులకు మించకుండా ఉండాలి. ఆరడుగుల వెడల్పు గదిలో త్రిభుజం గీయటం దండగ. పైగా తెలుగు వంటలో ఫ్రిజ్‌కు ఎన్నిసార్లు నడుస్తారో మిక్సీకీ బియ్యం డబ్బాకూ అంతకంటే ఎక్కువసార్లు నడుస్తారు. పచ్చడి నూరటం, పిండి రుబ్బటం అన్న పనులే లేని వంటను చూసి గీసిన త్రిభుజంలో నాలుగో కొసకు చోటు లేదు. చిన్న గదిలో ఒకే వరస చాలు: కడిగేది, తరిగేది, వండేది, దించేది.

తొమ్మిదడుగుల గోడను ఆ వరసలో పంచితే సింకుకు రెండడుగులు, కూరగాయలు తరగటానికి మూడడుగులు, పొయ్యికి రెండున్నర అడుగులు, దించిన గిన్నె పెట్టటానికి చివర ఒకటిన్నర అడుగు వస్తాయి. తరిగే చోటును మూడడుగుల కంటే తగ్గించటానికి ఎవరు ఎంత చెప్పినా ఒప్పుకోకూడదు. సింకు, పొయ్యి పక్కపక్కనే ఉంటే గిన్నెలు కడిగే నీటి తుంపర బాణలిలోని నూనెలో పడుతుంది. చివరి ఒకటిన్నర అడుగూ అలంకారం కాదు, పొయ్యి పక్క గోడకు ఆనుకుని ఉంటే బాణలి పిడి గోడకు తగిలి తిరగదు. మిక్సీ తరిగే చోటుకు వెనుక, సింకుకు కనీసం రెండడుగుల ఎడంలో ఉండాలి. గట్టు లోతు రెండడుగులు పోగా గదిలో మిగిలేది నాలుగడుగుల వెడల్పు, అంటే ఇద్దరు ఒకరినొకరు తాకకుండా మసలగల వెడల్పు. ఎదురు గోడకు అడుగు లోతు స్టీలు ర్యాకు పెడితే అది మూడడుగులకు తగ్గుతుంది. ఒక్కరే వండే ఇంటిలో ఇబ్బంది లేదు, ఇద్దరు వండే ఇంటిలో ఆ ర్యాకును తలుపు వైపు సగం గోడకే పరిమితం చేయాలి. ఫ్రిజ్ వంటగదిలో పట్టకపోతే హాలులో గుమ్మం పక్కన ఉండటంలో తప్పేమీ లేదు.

గట్టు ఎత్తు మీద శ్రద్ధ పెట్టేవారు తక్కువ. వంట చేసే మనిషి నిటారుగా నిలబడి మోచేతిని వంచినప్పుడు, నేల నుంచి మోచేతికి ఎంత ఎత్తు వస్తుందో కొలిచి, అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే తరగటానికి అనువైన ఎత్తు వస్తుంది. అయిదడుగుల మనిషికి ఇది ఇంచుమించు 32 అంగుళాలు. పాత ఇళ్లలో 30 అంగుళాల గట్లు కనిపిస్తే, మాడ్యులర్ కంపెనీలు 34 అంగుళాల దగ్గర బిగిస్తాయి. మొదటిదానితో నడుము నొప్పి, రెండోదానితో పొట్టివారికి భుజాల నొప్పి. అసలు చిక్కు గట్టుతో కంటే పొయ్యితో వస్తుంది: గట్టు మీద నాలుగైదు అంగుళాల పొయ్యి, దాని మీద ఆరేడు అంగుళాల గిన్నె పెట్టాక, అడుగంటకుండా ఉప్మా కలపటానికి చేతిని భుజం దాకా ఎత్తవలసి వస్తుంది. గట్టు కూల్చే అధికారం లేని అద్దెదారు, గట్టు తక్కువగా ఉంటే తరిగే పలక కింద మందపాటి చెక్కపీట పెట్టుకోవచ్చు. ఎక్కువగా ఉంటే పొయ్యి ముందు నిలబడే చోట వెడల్పాటి, కదలని చెక్కపలక వేసుకోవచ్చు. రోజూ వాడే సామానంతా మోకాలికీ భుజానికీ నడుమ ఉన్న అరల్లో ఉండాలి. అటక మీదికి ఆవకాయ జాడీలు, పండుగ గిన్నెలు ఎక్కాలి గాని, బియ్యం డబ్బా ఎక్కకూడదు.

కరెంటు విషయంలో ఒక లెక్క తెలిస్తే చాలు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత వంటగదిలోని 6 ఆంపియర్ల ప్లగ్గు దాన్ని మోయలేదు. ఒవెన్‌కూ ఇండక్షన్‌కూ 16 ఆంపియర్ల ప్లగ్గు, మీటరు బోర్డు నుంచి నేరుగా వచ్చే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, దానికి విడిగా ఎంసీబీ ఉండాలి. ఈ పని గోడలోనిది, కాబట్టి యజమానిది. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నెట్టుకురావటం పొదుపు కాదు.

కావలసిన సరుకంతా లక్డీకాపూల్‌కు కూతవేటు దూరంలోనే దొరుకుతుంది. కుళాయిలు, సింకులు, వైర్లు, ఎల్ఈడీ పట్టీలు కోఠీ, ఆబిడ్స్ నడుమ ఉన్న ట్రూప్ బజారులో, స్టీలు గిన్నెలు, స్టాండులు బేగంబజారులో, చెక్క సామాను నాంపల్లి దుకాణాల్లో బేరమాడి తెచ్చుకోవచ్చు. గట్టు మార్చే యజమానికి గ్రానైటే మేలు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే సున్నపురాయి జాతికి చెందిన కడప బండ మెరుపు పోతుంది, గ్రానైటుకు ఆ బాధ లేదు. గట్టు, గోడ కలిసే సందులో సిలికాన్ పూయిస్తే బొద్దింకలకు దారి మూసినట్టే. సింకు కింద చెక్క అసలే వద్దు. అరలకు ప్లైవుడ్ వాడేటట్టయితే నీటిని తట్టుకునే ఐఎస్ 710 గుర్తు చూసి కొనాలి; పొట్టును అతికించి చేసే పార్టికల్ బోర్డు ఒక్క లీకుకే ఉబ్బిపోతుంది. అద్దెదారు మాత్రం గోడకు బిగించే అలమారాల జోలికి పోకుండా, విప్పి మళ్లీ బిగించుకోగల స్టీలు ర్యాకులు, చక్రాల బండి, గుమ్మం వెనుక తగిలించే కొక్కేలతో సరిపెట్టుకోవటమే లాభం. పెట్టే ఖర్చును ఆ ఇంటిలో ఉండబోయే నెలలతో భాగించి చూస్తే సంగతి అర్థమవుతుంది: 24,000 రూపాయలు పెట్టి రెండేళ్లు ఉంటే అద్దె నెలకు వెయ్యి పెరిగినట్టే.

వాస్తు మాట రాకుండా తెలుగు ఇంట ఈ చర్చ ముగియదు. పొయ్యి ఆగ్నేయాన ఉండాలని, తూర్పు ముఖంగా నిలబడి వండాలని, నీరు ఈశాన్యాన ఉండాలని చెబుతారు. గ్యాసు పొయ్యి కదిలే వస్తువు కాబట్టి మొదటి రెండూ చాలా ఇళ్లలో కుదురుతాయి. సింకు కదలదు కాబట్టి మూడోదాని కోసం అద్దె ఇంటిలో నేల తవ్వించటం తగదు. కిటికీకి, శాస్త్రానికి పడనప్పుడు ఊపిరి పీల్చుకోవటానికి వీలైన వైపే నిలబడటం మంచిది.

ఏ పని మొదలుపెట్టే ముందైనా కాగితం రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, పదకొండు నెలల ఒప్పందాలు ఇంతగా వాడుకలోకి రావటానికి కారణం అదే. ఆ ఒప్పందంలో వంటగది గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను, ఒప్పందంలో వేరేగా రాసుకోని పక్షంలో, యజమాని అనుమతి లేకుండా అద్దెదారు శాశ్వత నిర్మాణం చేయరాదని, మామూలు అరుగుదల పోగా ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని అంటుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో, భవనం విలువను దెబ్బతీసే పనులు చేసిన అద్దెదారును ఖాళీ చేయించటానికి అదే ఒక కారణం. అందువల్ల ఏ గోడకు ఎన్ని రంధ్రాలు, ఏ ఖర్చు ఎవరిది, అద్దెలో ఎంత మినహాయింపు అన్నది వాట్సాప్ సందేశంగానైనా సరే యజమాని చేత ఒప్పించుకుని, పనికి ముందూ తర్వాతా తేదీతో ఫొటోలు తీసి ఉంచుకుంటే, ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోతల గురించి మాట పెరగదు. అదే 108వ సెక్షను అద్దెదారుకు ఒక హక్కును కూడా ఇచ్చింది: తాను బిగించుకున్న వస్తువులను, ఇంటిని మునుపటి స్థితిలో వదిలే షరతు మీద, అతను విప్పుకుపోవచ్చు. కాని ఆ హక్కు ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంత వరకే. ర్యాకులు, చిమ్నీ, ఫిల్టరు ఏవైనా సరే తాళంచెవులు ఇచ్చే ముందే విప్పి, రంధ్రాలు పూడ్పించుకోవాలి. తాళాలు అప్పగించిన మర్నాడు వాటిని అడిగే హక్కు ఆ సెక్షనులో లేదు.